కోటకు వెళ్ళిన కట్టుగుడ్డలు

శరదృతువు వానలకు ద్రాక్షతోట గట్టు కూలి, రాళ్ళు మా అబ్బాయి ఎర్హార్డ్ కాలి మీద పడ్డాయి. ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికి వచ్చింది. ట్యూబింగెన్ ఆసుపత్రిలో పెద్ద డాక్టరు చూసి, "కాలు తియ్యక్కర్లేదమ్మా. చీము చిక్కగా, వాసన లేకుండా వస్తోంది. మంచి లక్షణం," అన్నాడు. చీములో మంచేమిటో నాకు బోధపడలేదు. వాడి నాన్న ముల్లు గుచ్చుకుని, అది చీము పట్టే పోయాడు.

ఇంట్లో ఉంటే ఏవేవో తలపుకొచ్చి చచ్చిపోతున్నానని, అక్కడే కట్టుగుడ్డలు ఉతికే పనికి కుదిరాను. ఒకరి గుడ్డ ఉతికి ఇంకొకరికి కడతారు. ఎవరి రోగం మావాడికి అంటుకుంటుందోనని, వాడివి వాడికే కట్టేలా గుడ్డల అంచున నీలిదారంతో కుట్టు వేసుకున్నాను.

పొద్దున్నే కొండ మీది కోట నుంచి ఎబెర్లె అనే పనివాడు బుట్ట పట్టుకుని దిగేవాడు. ఉతకని గుడ్డలు ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, కొన్ని బుట్టలో వేసుకునేవాడు, కొన్ని పక్కన పడేసేవాడు. మొదటి రోజు నీలికుట్టు గుడ్డ వాడి చేతిలోంచి లాక్కున్నాను.

"ఎందుకయ్యా ఇది నీకు? చేతబడికా?"

"వంటకి తల్లీ! కోటలో పాత వంటశాలేగా మా విశ్వవిద్యాలయం ప్రయోగశాల."

బల్ల మీద కూర్చున్న హౌజర్ తాత నవ్వాడు. మా పేట ద్రాక్షతోటల మనిషే, చెయ్యి పుండు పడి వచ్చాడు. "నాది కూడా పట్టుకుపోరా ఎబెర్లే! ఆ పండితులకి మా పేట సరుకు నచ్చడం ఇదే మొదలు."

"ఊరుకో తాతా," అని ఎబెర్లె నా వైపు తిరిగాడు. "చీములో కంటికానని కణాలుంటాయట. ప్రతి కణం నడుమా ఒక గింజ. ఆ గింజ దేనితో అయిందో చూడాలని మా స్విస్ కుర్ర డాక్టరుగారి పట్టుదల. చలి తగ్గితే సరుకు పాడైపోతుందని పొయ్యి కూడా వెలిగించనివ్వరు."

"మరి కొన్ని పారేస్తావేం?"

"కుళ్ళు పట్టినవి పనికిరావు. అవి కట్టుకున్న మనిషి కూడా..." అని నాలిక కరుచుకున్నాడు.

ఆ మాట నన్ను పట్టుకుంది. అప్పటి నుంచి రోజూ వాడి ముక్కునే చూస్తూ నిలబడేదాన్ని. నీలికుట్టు బుట్టలో పడ్డాకే నాకు ఊపిరి ఆడేది.

"నా మొహం చూడ్డం మానేసి నా చీము చూస్తున్నావే అమ్మా," అని మంచం మీంచి ఎర్హార్డ్ వెక్కిరించేవాడు. నేను తెచ్చిన పప్పు పూర్తిగా తినేవాడు. తింటున్నాడు గదా అని సంతోషం, ఇదే ఆఖరేమోనని భయం.

మంచు కరగడం మొదలైన ఒక మంగళవారం ఎబెర్లె నీలికుట్టు గుడ్డ వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. నా వైపు చూడకుండా పక్కన పెట్టాడు.

"నీకు జలుబు చేసిందేమో. ఇంకోసారి చూడయ్యా."

"చూశాను తల్లీ."

గుడ్డ తీసి నేనే వాడి బుట్టలో వేశాను. "తీసుకుపో! రోజూ తీసుకుపోతావుగా!"

వాడు దాన్ని బయటికి తియ్యలేదు. బుట్టనే నేల మీద పెట్టేశాడు. "నాతో పోట్లాడకు తల్లీ. డాక్టరు దగ్గరికి పరిగెత్తు."

పరిగెత్తాను. మధ్యాహ్నానికి మోకాలి పైకి కాలు తీసేశారు. విషం అప్పటికే పైకి పాకింది. ఆదివారం చర్చి గంటలు మోగుతుండగా నా బిడ్డ పోయాడు.

పాతిపెట్టి వచ్చాక కోట ఎక్కాను. ఎందుకెక్కానో నాకే తెలియదు. ఎబెర్లె లోపలికి తీసుకెళ్ళి ఒక చిన్న సీసా చూపించాడు. అడుగున బూడిదలాంటి తెల్లటి పొడి.

"పంది కడుపులోని రసంతో కణాల మాంసమంతా కరగబెడితే, మిగిలిన గింజల్లోంచి తీసింది ఇదే. ఇప్పటిదాకా ఎవరూ చూడని పదార్థమట. గింజలోది కాబట్టి న్యూక్లీన్ అని పేరు పెట్టారు."

"ఇందులో మావాడిది ఉందా?"

"ఉంది. బాగున్నన్నాళ్ళూ తీసుకొచ్చానుగా. ఏది ఎవరిదో మాత్రం చెప్పలేం తల్లీ."

చాలాసేపు చూశాను. అది కిటికీ పక్కన, బల్ల చివర ఉంది.

"అంచున పెట్టావేమయ్యా? ఎవరి మోచెయ్యో తగిలితే పడిపోతుంది. లోపలికి జరుపు."

జరిపాడు.

"ఇంకొంచెం," అన్నాను.