మూడో పిలుపు

కోర్టు బంట్రోతుకి గొంతే జీవనాధారం. వరండాలో నిలబడి ఆయన ఒక పేరు పిలిచాడంటే, రోడ్డవతల టీ కొట్లో గ్లాసు పట్టుకున్నవాడు కూడా తన పేరేమోనని ఒక్క క్షణం ఉలిక్కిపడేవాడు. ప్రతి పేరూ మూడుసార్లు పిలవాలి. పలికినవాణ్ణి లోపలికి పంపాలి. పలకకపోతే తనే లోపలికెళ్ళి, "పలకలేదండి" అని విన్నవించుకోవాలి. అంతే ఉద్యోగం. దానికే నడుముకి ఎర్రపట్టీ కట్టుకుని, ప్రభుత్వంలో సగం తనే అన్నట్టు నడిచేవాడు, పాపం.

ఆయన బావమరిది, అంటే భార్యకి సొంత తమ్ముడు, పరుపులు కుట్టేవాడు. కోర్టు వెనక సందులోనే దుకాణం. మనిషి కనుబొమ్మల మీద ఎప్పుడూ ఇంత దూది ఉండేది. సాయంత్రం కోర్టు మూయగానే బంట్రోతు తిన్నగా అక్కడికెళ్ళి, అమ్మకానికి పెట్టిన పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని వాదన మొదలుపెట్టేవాడు. ఏళ్ళ తరబడి ఇద్దరిదీ ఒకటే వాదన. మనిషికి హక్కులు ఎవరిచ్చారని.

ప్రభుత్వం ఇచ్చిందనేవాడు బంట్రోతు. చట్టమే లేకపోతే బలిసినవాడెవడో వచ్చి నీ పరుపు మీద పడుకుని లేవనంటాడు, అప్పుడు ఏ దేవుడొచ్చి లేపుతాడని నిలదీసేవాడు. దేవుడే ఇచ్చాడనేవాడు బావమరిది. ప్రభుత్వం ఇచ్చిందే అయితే ఒకనాడు దానికి తిక్క పుట్టి వెనక్కి లాక్కుంటుంది, అప్పుడేమంటావు బావా అని, బారెడు సూదిలో దారం ఎక్కిస్తూ తాపీగా అడిగేవాడు. ఎవరూ నెగ్గేవారు కాదు. నెగ్గాలని ఇద్దరికీ పెద్దగా ఉండేదీ కాదు. రేపటికి కాస్త మిగుల్చుకుని లేచేవాళ్ళు.

ఒకరోజు మాత్రం బంట్రోతు ఇరకాటంలో పడ్డాడు. ఏం చెప్పినా బావమరిది వదలడం లేదు. ఆ మాట తప్పించడానికి నవ్వేస్తూ, "కోర్టుకి మాత్రం ఏం బలముందిలేరా. పిలిచినవాడు పలికితేనే దాని పెత్తనం. పలకనివాణ్ణి అదేం చేస్తుంది, గోడకేసి చూస్తుంది" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. బంట్రోతు ఆ మాట అక్కడే మరిచిపోయాడు. బావమరిది మరిచిపోలేదు.

ఆ దూది మధ్యే దొర్లుతూ పెరుగుతోంది పిచ్చుక. పరుపులాయన కూతురి కూతురికి అందరూ పెట్టుకున్న ముద్దుపేరది. అమ్మానాన్నలిద్దరూ ఒకే బస్సు ప్రమాదంలో పోతే, పాలు మరవని పిల్లని తాత ఎత్తుకొచ్చాడు. బంట్రోతుని అది గొంతు తాత అని పిలిచేది. ఆయన్ని వెక్కిరించడం దానికి ఇష్టమైన ఆట. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "కత్తెరా, కత్తెరా, కత్తెరా!" అని పిలిచి, కాసేపు చెవి ఒగ్గి విని, తలవంచుకుని వచ్చి, "పలకలేదండి" అనేది. బంట్రోతు పడీపడీ నవ్వేవాడు.

బడిలో కూర్చోనిచ్చారు గానీ, పేరు రాయించబోతే వచ్చింది చిక్కు. తల్లీతండ్రీ లేని పిల్లకి సంరక్షకుడెవరో కోర్టు తేల్చాలట. లేకపోతే పిల్ల అనాథ బాలల ఆశ్రమానికి వెళ్ళాలట. బంట్రోతుకి ఇందులో భయమేమీ కనిపించలేదు. ఇలాంటివి ఎన్నో చూశాడు. ముందురోజు సాయంత్రం బావమరిదిని కూర్చోబెట్టి, ఏ గదో, ఎక్కడ నిలబడాలో చెప్పాడు. "పిలవగానే పలుకు. లోపలికొచ్చి, పిల్లని నేను పెంచుకుంటానండీ అను. ఆ ఒక్క మాట చాలు" అన్నాడు. బావమరిది సూది ఆపకుండానే తలూపాడు.

మర్నాడు పిచ్చుకని బడిలో దింపి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి, వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. బంట్రోతు అతన్ని చూసి కళ్ళతోనే పలకరించాడు. వంతు రాగానే గొంతు సవరించుకుని, తండ్రి పేరుతో సహా బావమరిది పేరు పిలిచాడు.

బావమరిది కదల్లేదు.

ఏదో ధ్యాసలో ఉన్నాడేమోనని బంట్రోతు అతనికేసే తిరిగి రెండోసారి పిలిచాడు. బావమరిది తలెత్తి సూటిగా చూశాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ప్రశాంతంగా ఉన్నాడు. కనుబొమ్మ మీద దూదిపింజ అలాగే ఉంది. బంట్రోతు మూడోసారి పిలిచాడు. పలకరా అని కళ్ళతో బతిమాలాడు. అతను పలకలేదు.

లోపలికి నడిచిన ఆ నాలుగడుగుల్లో బంట్రోతు బుర్ర ఎన్ని పోకలు పోయిందో. బయట కూర్చునే ఉన్నాడని చెబితే, పిలిచినా పలకని పొగరుమోతని జడ్జిగారు మండిపడి లోపల వేయించవచ్చు. రాలేదనుకుంటే వాయిదా వేస్తారు. రానివాళ్ళందరికీ వాయిదాలే కదా పడుతున్నాయి. ఈలోగా ఇంటికెళ్ళి నాలుగు చివాట్లు పెట్టి దారికి తెచ్చుకోవచ్చు. జీవితమంతా చెప్పిన మాటే చెప్పాడు.

"పలకలేదండి."

జడ్జిగారు వాయిదా వెయ్యలేదు. పట్టించుకునే మనిషే లేని పిల్లని ఇంకా గాలికి వదలడం మంచిది కాదన్నారు. ఆశ్రమం తరఫున వచ్చినావిడ మంచం సిద్ధంగా ఉందని చెప్పింది. మళ్ళీ అర్జీ పెట్టుకోవాలంటే ఏడాది ఆగాలి. బంట్రోతు నోరు తెరిచాడు. ఊరంతా వినిపించే గొంతు అప్పుడు పెగల్లేదు. తర్వాతి పేరు పిలవమని చెబితే, వెళ్ళి పిలిచాడు.

పిల్లని బడి నుంచే తీసుకుపోయారు. సాయంత్రం దుకాణంలో బావమరిది దూది మధ్య చతికిలబడి ఉన్నాడు. ఎందుకు పలకలేదురా అని అడిగితే, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు.

"దాన్ని దేవుడు నా చేతుల్లో పెట్టాడు బావా. నా పిల్లని నాకివ్వండని వాళ్ళ ముందు చెయ్యి చాస్తే, అది నాది కాదని నేనే ఒప్పుకున్నట్టు కాదా? పలకకపోతే పెత్తనం లేదని నువ్వే అన్నావు కదా."

నవ్వులాటకి అన్నాను కదరా అనబోయి, బంట్రోతు లేచి ఇంటికి నడిచాడు. ఇంట్లో భార్య అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని, "వాడు పిచ్చివాడు సరే. వాడు బయటే ఉన్నాడని ఒక్క ముక్క అంటే మీ నోరు అరిగిపోయేదా?" అని అడిగింది. ఆయన కంచంలో చెయ్యి కడుక్కున్నాడు.

ఆ తర్వాత కూడా రోజూ దుకాణానికి వెళ్ళేవాడు. వాదన మాత్రం లేదు. వీడు ఒక్కసారి దేవుడు అంటే బాగుండును, కాదని నేను ఒక్కసారి ప్రభుత్వం అంటే బాగుండునని ఆయనకి ప్రాణం కొట్టుకుపోయేది. బావమరిది చిన్న పరుపొకటి కుడుతూ ఉండేవాడు. కుట్టడం, నచ్చక విప్పడం, మళ్ళీ కుట్టడం.

ఆశ్రమంలో నెలకొకసారి చూడనిస్తారు. ఆ రోజు ఇద్దరూ ముందే వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డారు. బావమరిది చంకలో ఆ పరుపు చుట్ట. గేటు కాపలావాడు కునుకుపాట్లు పడుతూ ఒక్కో పిల్ల పేరూ చెప్పి, ఆ పిల్ల తాలూకు వాళ్ళెవరని అడుగుతున్నాడు. పిచ్చుక అసలు పేరు వాడి నోట సగం వచ్చిందో లేదో, బావమరిది గొంతు చించుకున్నాడు.

"నేనేనండీ! ఉన్నానండీ! వచ్చానండీ, ఇక్కడే ఉన్నానండీ!"

చుట్టూ జనం తిరిగి చూశారు. ఉన్నావులే, చెవులు పోతున్నాయి, లోపలికి నడువు అని కాపలావాడు విసుక్కున్నాడు. దేవుడికి తప్ప ఎవరికీ తల వంచనన్న మనిషి, వాడికి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. బంట్రోతు చూడలేక మొహం తిప్పుకున్నాడు.

బయటి పరుపులు లోపలికి రానివ్వరట, దాన్ని గేటు పక్కనే పెట్టించారు. లోపల పొడుగాటి గదిలో, పొట్టిగా కత్తిరించిన జుట్టుతో పిచ్చుక బల్ల మీద కూర్చుని ఉంది. పరిగెత్తుకు రాలేదు. తాత దగ్గరికి తీసుకుంటే ఒదిగింది. ఎవరి మీదా కోపం లేనట్టు చెప్పింది.

"వచ్చిన రోజు పడుకునేటప్పుడు నిన్ను పిలిచాను తాతా. గొంతు తాతలాగే, మూడుసార్లు. నువ్వు పలకలేదు."

పరుపులాయన దాని కాళ్ళ దగ్గర నేల మీద కూలబడ్డాడు. "ఇప్పుడు పిలువమ్మా," అన్నాడు. "ఒక్కసారి పిలువు. పలుకుతాను."

పిచ్చుక తాతకేసి చూసింది. తర్వాత, నిజమేనా అని అడుగుతున్నట్టు, గోడకి ఆనుకుని నిలబడిన బంట్రోతుకేసి చూసింది.

"మూడుసార్లూ అయిపోయాయి కదా, గొంతు తాతా?"