పెద్దల్లుడి చిరుత, చిన్నల్లుడి పులి

మాణిక్యాలరావు చిరుతపులిని చూసి నాలుగేళ్ళయింది. ఆ నాలుగేళ్ళుగా బుచ్చిరాజుకి కడుపుమంట చల్లారలేదు.

ఇద్దరూ తోడల్లుళ్ళు. రాజోలు పాపాయమ్మగారి పెద్దల్లుడు మాణిక్యాలరావు తాటిపాకలో చమురు కంపెనీలో పనిచేసి రిటైరయ్యాడు. చిన్నల్లుడు బుచ్చిరాజు కొత్తపేటలో కొబ్బరికాయల వ్యాపారి. పెద్దాయన కెన్యాలో ఉన్న స్నేహితుడి దగ్గరికి వెళ్ళి, జీపులో అడవంతా తిరిగి, ఒక చిరుత జింకని నోట కరుచుకుని చెట్టెక్కడం కళ్ళారా చూసొచ్చాడు. చూసొచ్చినవాడు ఊరుకున్నాడా? పెళ్ళిళ్ళలో చెప్పాడు, బారసాలల్లో చెప్పాడు, దినం భోజనానికి వెళ్ళి అక్కడా చెప్పాడు. మొదటి ఏడాది అది జింకపిల్ల. రెండో ఏడాదికి ఎదిగి జింకయింది. ఈమధ్య ఇంచుమించు అడవిదున్నంత అయింది. అంత బరువు మోసిన చిరుతకి మెడ పట్టలేదు గానీ, వినీ వినీ బుచ్చిరాజుకి పట్టేసింది.

అదైనా ఓర్చుకునేవాడే. ఓర్చుకోలేనిది ఒకటి జరిగింది. కిందటేడు బావమరిది శ్యామ్ బాబు కూతురి ఓణీల ఫంక్షన్లో సాంబారు వడ్డిస్తున్న తన భార్య నాగదుర్గ, బావగారి కథ చిరుత దాకా వచ్చేసరికి బకెట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నోరు కాస్త తెరుచుకుంది. కళ్ళు ఇంతింతయ్యాయి. ఎదురుగా బుచ్చిరాజు అన్నంలో గుంట చేసుకుని సాంబారు కోసం కాచుకుని ఉన్నాడు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో తను చెప్పిన ఏ మాటకీ ఆవిడ అలాంటి మొహం పెట్టలేదు. కాయల రేటు గురించి చెబితే ఎవరు మాత్రం పెడతారు? ఆ సంగతి అతనికీ తెలుసు. తెలిసినంత మాత్రాన కుళ్ళు తగ్గుతుందా?

"మనం పులిని చూడాలి," అన్నాడు ఇంటికి రాగానే.

"ఇప్పుడు పులెందుకండీ?"

"చిరుతని చూసినాయన అంత ఇదైపోతుంటే, పెద్దపులిని చూస్తే మనవేం అవ్వాలి?"

రాజోలులో శ్యామ్ బాబు కట్టిన కొత్తింటికి జూన్లో గృహప్రవేశం. ఈలోగా పులి కనపడాలి. ఆ పందిట్లో పెద్దల్లుడి నోరు మూతపడాలి, నాగదుర్గ కళ్ళు తనవైపు తిరిగి ఇంతింతవ్వాలి. బుచ్చిరాజు కోరుకున్నది ఇంతే.

మే నెలలో కొట్టు గుమాస్తాకి అప్పగించి, భార్యాభర్తలిద్దరూ మహారాష్ట్రలోని తాడోబా అడవికి బయలుదేరారు. చేతిలో నాలుగు డబ్బాల ఆత్రేయపురం పూతరేకులు. ఊరుకాని ఊళ్ళో పక్కన ఎవరు కూర్చుంటారో ఏమో, నలుగురికీ పెట్టకుండా మనం తినగలమా అని బుచ్చిరాజు బాధ.

మొదటి రోజు పొద్దున్న నాలుగు గంటలసేపు తిరిగితే జింకలూ, ఒక అడవిపందీ, దుమ్ములో ఒక నెమలీ కనిపించాయి. "నెమలిని చూడ్డానికి ఇంత దూరవా?" అని బుచ్చిరాజు మొహం మాడ్చుకున్నాడు. కట్టిన డబ్బుకి ఇక మిగిలింది ఆ సాయంత్రం తిరుగుడొక్కటే.

సాయంత్రం జీపులో వీళ్ళతో పాటు నాగపూర్ నుంచి వచ్చిన మొగుడూపెళ్ళాలు, ముందు సీట్లో డ్రైవరూ గైడూ. ఒక నీళ్ళమడుగు దగ్గర జీపు ఆపి ఇంజను కట్టేశారు. అరగంట గడిచింది. ఏమీ రాలేదు. అంతమంది అలా ఊరికే కూర్చోవడం బుచ్చిరాజుకి చేతకాలేదు. డబ్బా విప్పాడు. నాగపూర్ వాళ్ళకి చెరొకటి పెట్టాడు. డ్రైవరుకి పెట్టాడు. గైడు భుజం తట్టి, "తీసుకోండి, మా ఊరి స్వీటండి," అన్నాడు.

గైడు తల తిప్పకుండానే, వద్దన్నట్టు అరచెయ్యి చూపించాడు.

కోనసీమలో మొదటిసారి వద్దన్నవాణ్ణి వదిలేస్తే పరువు పోతుంది. మొదటి 'వద్దు' మొహమాటం. రెండోది మర్యాద. మూడోసారి అంటే అప్పుడు ఆలోచించాలి. "అబ్బే, అలాగంటే ఎలాగండీ, ఒక్కటి," అంటూ బుచ్చిరాజు మళ్ళీ చాపాడు. గైడు ఈసారి చెయ్యి ఇంకా గట్టిగా ఊపాడు. ఆ డబ్బాలోవి నలిగిపోయాయి, అందుకే వద్దంటున్నాడని బుచ్చిరాజుకి అర్థమైంది. సీటు కింద కొత్త డబ్బా ఉంది. వంగాడు. దాని తాడుకి ముడి మీద ముడి వేసి ఉంది.

ముడి విప్పి, డబ్బా తీసుకుని తలెత్తాడు. మొట్టమొదట కనిపించింది నాగదుర్గ మొహం. నోరు కాస్త తెరుచుకుని ఉంది. కళ్ళు ఇంతింతయి, వాటి నిండా నీళ్ళున్నాయి. ఆవిడ చూస్తున్న వైపు అతనూ చూశాడు. వెదురు పొద కదులుతోంది. ఇంకేమీ లేదు.

"వెళ్ళిపోయిందండి," అంది నాగదుర్గ.

బుచ్చిరాజుకి అక్కడే దిగి ఏడవాలనిపించింది. గైడు మీద కోపం వచ్చింది, పులి మీద వచ్చింది. అన్నిటికన్నా పక్కనున్న పెళ్ళాం మీద ఓర్వలేనితనం ముంచుకొచ్చింది. తోడల్లుడికైతే చిరుతే. ఈవిడకి పెద్దపులి!

తిరుగు రైల్లో మెల్లిగా కదిపాడు. "ఎలా ఉందే? ఎంత పొడుగుంది? కాస్త వివరంగా చెప్పు."

"మీకు పులి కావాలాండీ, బావగారి నోరు ముయ్యడం కావాలా?"

అతను కిటికీవైపు తిరిగాడు. ఆవిడ పులి సంగతి చెప్పలేదు.

గృహప్రవేశం నాడు రెండో బంతిలో మాణిక్యాలరావు చిరుత ఇంకా చెట్టెక్కకముందే బుచ్చిరాజు అందుకున్నాడు. "మేం పెద్దపులిని చూసేవండి, అన్నయ్యగారూ." ఇక మొదలుపెట్టాడు. పులి గాండ్రించిందన్నాడు. జీపు అదిరిపోయిందన్నాడు. ఒక్క దూకు దూకి బానెట్టు మీద కాళ్ళు పెట్టిందన్నాడు.

"బానెట్టు మీదా! ఆయ్," అన్నాడు మాణిక్యాలరావు ఎంతో మర్యాదగా. "అంత దగ్గర్నించి చూసేరు కదా తమ్ముడుగారూ, దాని చెవుల వెనకాల ఏవుంటుందండి?"

బుచ్చిరాజు ముద్ద మింగాడు. "చెవుల వెనకాలా? ఏవుంటుందండీ, మెడే ఉంటుంది."

బంతంతా గొల్లుమంది. బుచ్చిరాజుకి విస్తరి కనిపించలేదు.

"తెల్ల మచ్చలుంటాయి బావగారూ. చెవికొకటి," అంది నాగదుర్గ. పులిహోర పళ్ళెం కింద పెట్టింది. "నేను చూసేను. ఈయన చూళ్ళేదండి. ఈయన సీటు కింద పూతరేకుల డబ్బా ముడి విప్పుతున్నారు."

ఈసారి నవ్వులకి పందిరి అదిరింది. తనని నిలబెట్టాల్సిన మనిషే ముంచేసిందని బుచ్చిరాజు తల దించుకున్నాడు.

నాగదుర్గ మాత్రం నవ్వలేదు. "పొదలోంచి చప్పుడు లేకుండా వచ్చిందండి. నీళ్ళు తాగింది. మూతినించి నీళ్ళు కారుతున్నాయి. మేవందరం ఊపిరి బిగబట్టి దాన్నే చూస్తున్నాం. అది మాలో ఒక్కళ్ళ కేసీ చూళ్ళేదు. ఈయన్నే చూసింది. వంగిన మనిషిని అలా చూస్తానే నిలబడిపోయింది. నేను ఈయన్ని పిలుద్దావంటే నోరు పెగల్లేదండి."

నవ్వులు ఆగిపోయాయి. పాపాయమ్మగారు మజ్జిగ గ్లాసు దించి, "ఏం పెద్దల్లుడుగారూ, మీ చిరుత మిమ్మల్ని చూసిందాండీ?" అని అడిగింది.

"అదీ..." అన్నాడు మాణిక్యాలరావు. "అది జింకని లాగే పనిలో ఉందండి."

దున్న మళ్ళీ జింకయింది. పెద్దాయన మొహంలో ఏదో ముల్లు గుచ్చుకున్నట్టు కనిపించింది. ఆ ముల్లు ఏమిటో బుచ్చిరాజుకి బాగా తెలుసు, నాలుగేళ్ళు మోసినవాడు కదా. గెలిచినట్టే. అయినా అన్నం రుచించలేదు.

సాయంత్రం కారు బోడసకుర్రు వంతెన ఎక్కాక అడిగాడు. "దుర్గా, అది నన్ను చూడ్డం... నిజవేనా? నన్ను గట్టెక్కించడానికి అన్నావా?"

"నిజవేనండి."

"ఎంతసేపు చూసింది?"

"మీరు తలెత్తేదాకా."

బుచ్చిరాజు కారు కాస్త నెమ్మది చేశాడు. ఎడంచెయ్యి పైకి వెళ్ళి నడినెత్తిన జుట్టు ఊడిన చోటు తడుముకుంది. తోడల్లుడి మీదా, పెళ్ళాం మీదా పడిన కుళ్ళంతా పోగై ఇప్పుడు ఆ బట్టతల మీదికి మళ్ళింది. అంతసేపూ పులి ఎదుట ఉన్నది ఆ బట్టతలే, అతని కళ్ళకి ఏమీ దక్కనివ్వలేదది.

"మొదట్నించీ చెప్పు," అన్నాడు. "ఈసారి ఎవరికీ చెప్పనులే."