మొదటి సాక్షి

రాజరత్నం తెల్లకాగితాన్ని నిలువుగా మడిచి, గోటితో గీత దిద్ది, మళ్ళీ విప్పాడు. ఎడమవైపు నాలుగు వేళ్ళ మార్జిన్ తేలింది. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆయన మార్జిన్ వేసేది అలాగే. మండపేట రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట రేకుల షెడ్డులో ఉన్న దస్తావేజు లేఖరులందరూ కంప్యూటర్లు పెట్టేసుకున్నా, ఆయన బల్ల మీద ఇంకా ఇంకు బుడ్డీ, స్టాంపు ప్యాడూ, కాగితాలు ఎగిరిపోకుండా ఒక గుండ్రాయీ ఉన్నాయి. సన్నగా పొడుగ్గా ఉండే మనిషి. కలం ఒరుసుకుని మధ్యవేలి మీద కాయ కాసింది. చొక్కా నలగదు, గొంతు లేవదు. ఆయన రాసిన విల్లు పట్టుకుని అన్నదమ్ములు కోర్టుకెళ్ళరని ఊళ్ళో పేరు. అరవై నాలుగేళ్ళకు ఆయన వెనకేసుకున్నది ఆ పేరొక్కటే. ఊరందరి ఇళ్ళకూ హద్దులు రాసిన మనిషి ఉండేది సంత దగ్గర అద్దెగదిలో. దాన్నీ వచ్చే నెల పడగొట్టేస్తామని ఓనరు మొన్ననే చెప్పి పోయాడు.

పదకొండింటికి రైసుమిల్లు జానకిరామ్ వచ్చాడు. వెనకాల ఇద్దరు కొడుకులు.

“పొలం పెద్దాడికి, మిల్లు చిన్నాడికి. విల్లు రాసెయ్యండి రత్నంగారూ. సాక్షులు కూడా వీళ్ళిద్దరే.”

ఆస్తి పుచ్చుకునేవాళ్ళే సాక్షి సంతకాలూ పెట్టడం ఇక్కడి పెద్ద కుటుంబాల్లో ఆనవాయితీ. పంపకం అందరికీ ఇష్టమేనని చూపించుకోవడానికన్నమాట. రాజరత్నం కళ్ళజోడు తీసి తుడిచాడు. రుచించని మాట చెప్పేముందు ఆయన చేసే పని అది.

“మీ హిందువుల విల్లులో చెల్లుతుందండి. కానీ రేపెవరైనా అనుమానపడితే చిక్కు. బయటివాళ్ళని పెట్టుకోండి. మా క్రిస్టియన్లకైతే అసలు చెల్లదు. సాక్షి సంతకం పెట్టినవాడికి రాసింది రద్దయిపోతుంది. మిగతా విల్లు నిలబడుతుందండి, వాడి వాటా మాత్రం ఎగిరిపోద్ది.”

“అదేం రూలండీ బాబూ!”

“చట్టమండి. మిల్లు ఎలాగూ చిన్నబ్బాయిగారే నడుపుతున్నారు కదా, కావాలంటే ఇప్పుడే సెటిల్మెంటు రాసిచ్చెయ్యండి. స్టాంపు ఖర్చవుతుంది గానీ తండ్రి కొడుక్కిచ్చింది ఇన్‌కమ్ టాక్సులోకి రాదు. కాకపోతే ఇచ్చాక వెనక్కి రాదు. విల్లయితే మీరున్నంతకాలం ఆస్తి మీదే. మీ ఇంట్లో ఎవర్ని ఉంచినా, ఎవర్ని పొమ్మన్నా మీ ఇష్టం.”

జానకిరామ్ కొడుకుల వంక ఒకసారి చూసి మీసం సవరించుకున్నాడు. “అయితే విల్లే రాయండి.” అందరూ నవ్వారు, చిన్నకొడుకు కాస్త తక్కువగా.

వాళ్ళు వెళ్ళాక రాజరత్నం క్యారేజీ విప్పలేదు. తాతాజీ టీకొట్లో అద్దం ముందు నిలబడి, ఉన్న నాలుగు వెంట్రుకలనీ రెండుసార్లు దువ్వుకున్నాడు. మూడింటికి వస్తాను, విల్లు రాయాలి అని రాత్రి రూబీ టీచర్ ఫోన్ చేసింది.

రూబీ లూథరన్ బడిలో పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైంది. ఒకప్పుడు ఇద్దరివీ ఎదురెదురు ఇళ్ళు. ఆయనకు ఇరవై ఆరేళ్ళప్పుడు సంబంధం అనుకున్నారు కూడా. ఆయన తల్లి సూరమ్మ బాప్టిస్టు. పిల్లను కాలవలో ముంచి బాప్తిస్మమిప్పిస్తే గాని కోడల్ని చేసుకోనంది. పసిపిల్లగా ఉన్నప్పుడే చర్చిలో నీళ్ళు చిలకరించి ఇచ్చారు, మళ్ళీ ముంచితే మొదటిది అబద్ధమనా అని రూబీ తండ్రి పట్టుబట్టాడు. పదకొండు నెలలు రెండు సంఘాల పెద్దలూ నీళ్ళ గురించి మాట్లాడుకున్నారు. నీకేం కావాలిరా అని రాజరత్నాన్ని ఒక్కరూ అడగలేదు. అడగలేదు కదా అని ఆయనా చెప్పలేదు. ఆ తర్వాత ఇద్దరూ మరెవరినీ పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం పొద్దున చెరో చర్చికీ వెళ్తూ దారిలో “బాగున్నారాండి” అనుకోవడం మాత్రం మానలేదు. ఆ ఒక్క మాట కోసం ఆయన వారమంతా ఎదురుచూసేవాడు.

మూడింటికి కారు ఆగింది. రూబీ టీచర్ తెల్ల నేతచీరలో, మోకాలి మీద చెయ్యి ఆన్చుకుంటూ దిగింది. రాజరత్నం లేచి తన కుర్చీ ఆమెకిచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

“ఇల్లు మా చెల్లి కూతురు బేబీకి రాయండి. కార్లో ఉంది. ఇటునుంచి ఇటే జంగారెడ్డిగూడెం తీసుకుపోతానంటుంది. ఒంటరిగా ఉండొద్దన్నాడు డాక్టరు.”

“మళ్ళీ ఎప్పుడు వస్తారండి?”

“ఈ మోకాళ్ళతో ఇంకేం వస్తానండి.”

ఆయన తల వంచుకుని రాసుకుపోయాడు. విల్లుకు స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. అక్షరాలు ఎప్పటిలాగే నిలబడ్డాయి.

“ఇంకేమైనా ఉందాండి?”

“ఉంది. కాలవవైపు గదిలో రాజరత్నంగారు బతికున్నంతకాలం ఉండొచ్చు. ఆయన తర్వాతే అది బేబీకి.”

“ఏ రాజరత్నంగారండి?” వృత్తి అలవాటు, నోటికొచ్చేసింది.

“తండ్రి పేరూ వయసూ మీకే బాగా తెలుసు. రాసుకోండి.”

వేలమంది పేర్లు రాసిన ఆ చెయ్యి తన పేరు, తండ్రి పేరు, వయసు, వృత్తి వరసగా పరాయివాడివి రాసినట్టు రాసింది.

“సాక్షుల్లో మొదటి సంతకం మీరు పెట్టాలి,” అంది ఆమె.

ఆయన కళ్ళజోడు తీసి తుడిచాడు. “నేను సాక్షిగా పెడితే గది నాకు చెల్లదండి, టీచర్‌గారూ. మనవాళ్ళ చట్టం అది. రాసినవాణ్ణి కాబట్టి అన్నిటికన్నా కింద దస్తూరి అని పెడతాను. దానికి అడ్డు లేదు.”

“కింద కాదు. నా పక్కన.” గొంతు బడిలో వినిపించినట్టే ఉంది. “చర్చి రిజిస్టర్లో పడాల్సిన పేర్లండి అవి. ఒక్క కాగితం మీదైనా మన పేర్లు పక్కపక్కన ఉండాలని నాకెప్పట్నుంచో ఉంది. ఈ వయసులో సిగ్గేంటి, చెప్పేస్తున్నాను. రెండూ కుదరవా?”

“కుదరవండి.”

“అయితే ఏది కావాలో మీరే చెప్పండి. అప్పుడూ మీరు చెప్పలేదు.”

ఎదురు రోడ్డు మీద ధాన్యం లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. వచ్చే నెల పడగొట్టబోయే అద్దెగది గుర్తొచ్చింది. కాలవ గాలి తగిలే గది, తెల్లారి కిటికీ తీస్తే నీళ్ళు. ముసలితనానికి అంతకన్నా ఏం కావాలి? లారీల చప్పుడు తగ్గేదాకా ఆగి, “సంతకమండి,” అన్నాడు.

ఆమె కాగితం తనవైపు తిప్పుకుని చదివింది. తర్వాత, “గది మాట కొట్టెయ్యకండి. చెల్లకపోయినా ఉండనివ్వండి,” అంది.

ముందు ఆమె కుడివైపు సంతకం చేసింది. అదే వరసలో ఎడమవైపు ఆయన చేశాడు. రోజుకు ఇరవైసార్లు గీకిపడేసే ఆ సంతకానికి ఆయనకు చాలాసేపు పట్టింది. రెండో సాక్షిగా తాతాజీ టీ అంటిన చెయ్యి తువ్వాలుకు తుడుచుకుని వచ్చి ఇద్దరి మొహాలూ చూశాడు.

“కళ్ళు మండుతున్నాయాండి ఇద్దరికీ? పాడు మిల్లులు, ఒకటే ఊక బూడిద!”

ఆఫీసులో రిజిస్ట్రేషన్ అరగంటలో అయిపోయింది. బేబీ వచ్చి పెద్దమ్మను కార్లో కూర్చోబెట్టింది. “వెళ్ళొస్తానండి,” అంది రూబీ టీచర్. తిరిగొచ్చేది లేదని ఇద్దరికీ తెలుసు. “మంచిదండి,” అన్నాడు రాజరత్నం. కారు సెంటరు దాటి, లారీల మధ్య కలిసిపోయింది.

ఆయన వచ్చి బల్ల సర్దడం మొదలుపెట్టాడు. స్టాంపు ప్యాడు ఎత్తితే దానికింద తాళంచెవి ఉంది. విల్లు మనిషి పోయాకే అమలు. ఉన్నంతకాలం ఇంట్లో ఎవర్ని ఉంచినా ఆ మనిషి ఇష్టం. పొద్దున జానకిరామ్‌కు తాను చెప్పిన ముక్కే. కాలవగది ఆయనకు ఉండేది ఇక ఆమె బతికున్నన్నాళ్ళే. ఆమె లేని ఇంట్లో, ఆమె నూరేళ్ళు ఉండాలని రోజూ ప్రార్థన చేసుకుంటూ ఉండాలి.

ఇంకు అంటిన చేత్తో తాకడానికి మనసొప్పక ఆయన అలాగే చూస్తూ నిలబడ్డాడు. ఇత్తడి తాళంచెవి, దానికి ముడేసిన అట్టముక్క, అట్టముక్క మీద బోర్డు మీద రాసినట్టు గుండ్రటి అక్షరాల్లో ‘కాలవగది’.