నలుగురిలో అన్న మాట

మాస్టరుగారికి కత్తెర కంటే నోరు పదును. ఆయన దర్జీ కొట్టుకి కుట్టించుకునే పనిలేని వాళ్లు కూడా వచ్చి కూర్చునేది ఆ మాటల కోసమే. ఆ నోరే ఒకసారి చెల్లెలి మీద పడింది. ఆమె కోసిన కోటు పొట్టిదైందని, కొట్టు నిండా జనం ఉండగా, "మా చెల్లి కత్తెర పడితే గుడ్డ కూడా ఏడుస్తుంది" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా! ఆ రోజు నుంచి ఆమె గుండీలు కుట్టడం తప్ప కత్తెర జోలికి పోలేదు. మాట మాత్రం ఊరంతా తిరుగుతూనే ఉంది.

అసలు సంగతి మాస్టరు కడుపులోనే ఉండిపోయింది. ఆ కొట్టులో కొలతలు పైకి చదివేది ఆయన, విని సుద్దతో గీసి కోసేది ఆమె. ఆ కోటు పొడవు తప్పు చదివింది ఆయనే. తర్వాత ఇంట్లో ఆ మాట తప్పేనని, మళ్లీ కత్తెర పట్టమని ఎంత బతిమాలినా చెల్లెలిది ఒకటే జవాబు.

"నలుగురిలో అన్నావు అన్నయ్యా. వంటింట్లో వెనక్కి తీసుకుంటే ఎలా?"

ఇప్పుడు మాస్టరు కుడిచేతికి పిండికట్టు. బ్యాంకు మేనేజరు తన రిటైర్మెంటు సభకి కోటు కుట్టించుకోవాలని ఖరీదైన గుడ్డ తెచ్చాడు. సభ ఎల్లుండే.

"కోసేది నువ్వేనా అమ్మా? గుడ్డ ఏడుస్తుందేమో చూసుకో!" అంటూ మేనేజరే ముందు నవ్వాడు. బెంచీ మీదవాళ్లు అందుకున్నారు. చెల్లెలు తల వంచుకుని సూదిలో దారం ఎక్కిస్తోంది. మాస్టరుకి ప్రాణం చివుక్కుమంది. ఇవాళ కూడా ఊరుకుంటే ఆమె ఇక జన్మలో కత్తెర పట్టదు.

"నవ్వితే నన్ను చూసి నవ్వండి," అంటూ లేచాడు. "అప్పుడు కొలత తప్పు చెప్పింది నేను. పరువు పోతుందని దాని మీదికి నెట్టాను. దాని చేతిలో ఏ వంకా లేదు. వంకంతా నా నోట్లోనే ఉంది."

చెల్లెలు సూది పక్కన పెట్టింది.

"నాకు తెలుసు. చెవులారా విన్నదాన్నేగా! నువ్వెప్పుడు నోరు విప్పుతావా అని చూస్తున్నా."

ఆమె గుడ్డను బల్ల మీద పరిచింది. మాస్టరు ఉబ్బితబ్బిబ్బయి, కళ్లు తుడుచుకుంటూ గొంతు సవరించుకున్నాడు. "కొలతలు చదవనా?"

"బాబోయ్, వద్దు!"

చెల్లెలు ఆయన మెడలోని టేపు తీసి తన మెడలో వేసుకుని, మేనేజరు వైపు తిరిగింది.

"నిటారుగా నిలబడండి సార్."

మేనేజరు బుద్ధిగా నిలబడ్డాడు.