ఉపేక్షణీయం

"ఎలక్ట్రాన్‌ని పట్టుకోవడం కష్టం గానీ, మొగుడూ పెళ్లాల్ని కూర్చోబెట్టి కబుర్లాడటం ఏం కష్టమే?"

భర్త ఈ మాట అన్నప్పుడల్లా ఆమె చేతిలో ఏదో ఒక గిన్నె ఉంటుంది. అతను కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. ఆమెది సోషియాలజీ. ఇంటిపని ఎవరు ఎంత చేస్తారన్నది ఆమె పరిశోధన. వంటకీ ఉతుకుడికీ మధ్య దొరికిన సందుల్లో ఆరేళ్లుగా రాసుకొస్తోంది. అదీ ఒక చదువేనా అని అత్తగారు అడిగితే, కాలక్షేపంలే అమ్మా అని అతనే జవాబు చెప్పాడు.

సర్వే కాగితాలు అప్పజెప్పడానికి సాయంత్రం ఐదుకి గడువు. భార్యాభర్తలు విడివిడిగా నింపినవి రెండు వందల జంటలవి కావాలి. పొద్దున్నే ఒక జంట ఫోన్ చేసి తమ కాగితాలు చించెయ్యమంది. ఇద్దరి జవాబులూ పొసగక ఇంట్లో రభసట. గైడ్ ఒకటే దారి చూపించాడు: మీ ఇంటినే చేర్చండి, ఆ సంగతి అడుగున రాయండి. లేదంటే ఇంకో ఏడాది.

అడగ్గానే భర్త నవ్వి ఒప్పుకున్నాడు. చెడ్డవాడు కాదు. పెన్ను అడిగాడు, కళ్లజోడు అడిగాడు, కాఫీ అడిగాడు. మూడూ అందించింది. ఐదు నిమిషాల్లో కాగితం తిరిగొచ్చింది. భార్య రోజూ ఎన్ని గంటలు ఇంటిపని చేస్తుందన్న చోట, బోర్డు మీద రాసే అలవాటు కొద్దీ, ఒక్క మాట రాశాడు: ఉపేక్షణీయం. లెక్కలోకి రానంత చిన్నదని.

"వెటకారమా?"

"కాదే. మిషన్ ఉతుకుతుంది, కుక్కర్ ఉడికిస్తుంది. నువ్వు చూసుకుంటావంతే."

నిజంగానే నమ్మాడు. దశాంశం తప్పితే అన్నం సహించని మనిషి. ఆమెకి కోపం రాలేదు, భయమేసింది.

ఇక తన కాగితం. పెన్ను 'మూడు' అని రాయబోయింది. గైడ్ చూస్తాడు, మా ఆయన పరువేం కావాలి అనుకుంది. అనుకుని ఉలిక్కిపడింది. మిగతా ఆడవాళ్లూ ఇక్కడే ఆగారేమో. ఎలక్ట్రాన్‌కి మొగుడి పరువు కాపాడే పని లేదు. కొలిచేవాడు నొచ్చుకుంటాడని అది తక్కువ చేసి చెప్పదు. ఏది కష్టమో ఆమెకి అప్పుడు తెలిసొచ్చింది.

వేళ్లు మడిచి లెక్కపెట్టింది. రెండుసార్లూ పదకొండే. రాసేసింది.

"ఎంత వేశావేంటి?" అతను చెయ్యి చాపాడు.

ఆమె కాగితాలు సంచిలో పెట్టి చెప్పులు వేసుకుంది. "ఒకరి జవాబు ఒకరికి చూపించకూడదండీ. అందరికీ అదే రూలు."

"మరి నాకెలా తెలుస్తుంది?"

ఇన్నేళ్లలో అతను ఆ ప్రశ్న అడగడం అదే మొదలు.

"కొలవండి," అని ఆమె తలుపు దగ్గరగా వేసి వెళ్లింది.