క్లబ్బులో ఆయప్ప నంబరు

సంగటి కుతకుతలాడతాంది. ఒక చేతిలో తెడ్డు, ఇంకో చేతిలో ఫోను. తెడ్డు ఆపితే సంగటి గడ్డలు కడతాది, ఫోను వదిలితే టికెట్లు అయిపోతాయి. "వినుతా, ఆ ఫోను సంగట్లో పడేస్తావేమో!" అని వసారాలోంచి మా అత్త వెంకటక్క. పడేస్తే పడేస్తా, తినేది నీ కొడుకే కదా అని నోటిదాకా వచ్చింది. మింగినా.

బెంగళూరులో నేను పడిచచ్చే పాటలాయమ్మ కచ్చేరి ఉండాది. రాయచెర్లు సోలార్ పార్కులో ప్లేట్ల కింద కూలికి గడ్డి కోస్తా, చెవుల్లో పెట్టుకొని రోజూ నేను వినేది ఆయమ్మనే. ఇంట్లో ప్రతి గొంతూ నన్ను ఏదో ఒకటి తెమ్మనేదే. ఆ గొంతొక్కటే నన్ను ఏమీ అడగదు. అందుకే నా కూలి డబ్బుతో ఆయమ్మ ఫ్యాన్స్ క్లబ్బులో చేరినా. క్లబ్బోళ్ళకు అందరికంటే ఒక రోజు ముందే టికెట్లు ఇస్తారు. ఆ రోజు ఈ రోజే. "పెండ్లయినదానివి, నీకు ఈ ఫ్యాన్స్ గోల ఏందే?" అని మా ఆయన వీరేశ్ పగలబడి నవ్వినాడు. వాళ్ళ హీరో సినిమా వస్తే తెల్లారకముందే పావగడకు పోయి ఫ్లెక్సీకి దండలేసేది ఈయప్పే. పెండ్లయినోడివి కదా అని ఆయప్పను అడిగినోళ్ళు ఒక్కరూ లేరు.

టికెట్ల పేజీ తెరుచుకుంది. మీ నంబరుకు ఓటీపీ పంపినాం అని పడింది. నా ఫోను మాత్రం కిక్కురుమనలేదు. గ్యాసుకు, రేషనుకు, బ్యాంకుకు, యాడ నంబరు అడిగినా నా వేళ్ళు ఆయప్ప నంబరే కొడతాయి. క్లబ్బులో చేరేటప్పుడూ అదే కొట్టినట్లుండాది. థూ, నా చెయ్యి పడిపోను!

బండి రిపేరుకని హొసకోటకు పోయిన ఆయప్పకు ఫోన్ చేసినా.

"ఏందే, ఏదో ఓటీపీ వచ్చిండాది? బ్యాంకులో డబ్బు ఎవడన్నా లాగేస్తాన్నాడా?"

"నాదేప్పా, టికెట్టుది. బిర్నా చెప్పు, టైమైపోతాది."

"ఎన్ని తీస్తావు?"

"ఒకటి."

"ఒక్కదానివే బెంగళూరికా? చూసినోళ్ళు ఏమనుకుంటారు? రెండు తీయి. తీస్తానంటేనే చెప్తా."

స్క్రీను మీద టైము తరిగిపోతాంది. పోయినేడు హొసకోట ఆర్కెస్ట్రాకు తోడు వచ్చినాడు ఈ మనిషి. నీళ్ళు తెచ్చినావా, మిక్చరు యాడ, ఈ పాటేంది నిద్రొస్తాంది అని, నాకిష్టమైన పాట మొదలవుతానే చెయ్యి పట్టుకొని లేపేసినాడు. "చాల్లే పదా, ఆకలైతాంది." ఆ పాట దోవ పొడుగునా వెనకనించి వినబడతానే ఉన్నింది. నాకు ఏడుపొచ్చింది. దుమ్ము పడింది అని కండ్లు తుడుచుకున్నా.

"సరే, చెప్పు," అన్నా.

ఒక్కొక్క అంకె ఆగి ఆగి చెప్పినాడు. కొట్టినా. ఎన్ని టికెట్లు అని అడిగింది. వేలు రెండు దగ్గరికి పోయింది, అలవాటు కదా. రెండంటే ఏంది? ఆయప్పకొకటి, ఆయప్పను చూసుకునేదానికి నాకొకటి. మరి పాట వినేదానికి?

ఒకటి నొక్కినా. డబ్బు కట్టేసినా. సంగటి అడుగంటి వాసనొస్తాంది, అత్త అరుస్తాంది. మళ్ళీ ఫోను మోగింది.

"వచ్చినాయా? నా సీటు నీ పక్కనే కదా?"

"నా టికెట్టు వచ్చింది," అన్నా. "పక్కన ఎవరు కూచుంటారో నాకూ తెలీదప్పా."