గలిజేరు పొడి

నిజామాబాద్‌లో ఫార్మసీ పరిశోధన చేస్తున్న శైలజకు, వాపు తగ్గించే మందు కోసం ఏ వేరును పట్టుకోవాలో వెతుక్కునే పని పడలేదు. చెరుకు కోతల్లో మోకాళ్లు అరిగిన తల్లి ఈరవ్వ, బోధన్‌లో నాటుమందుల కొట్టు నడిపే మేనమామ ముత్తన్న ఇచ్చే గలిజేరు వేళ్ల పొడితోనే లేచి నడుస్తోంది.

ఆ పొడినే తెచ్చి ఆల్కహాల్‌లో నానబెట్టింది. దిగిన సారాన్ని గాజు గొట్టంలో పోసి ఏ భాగానికాభాగం విడదీసింది. అందులో ఒకటి ఎలుకల పాదాల వాపును ఇట్టే దించేసింది. దాన్ని శుద్ధి చేస్తే తెల్లటి పలుకులు తేలాయి. ఆరోజు ల్యాబులో అందరికీ చాయ్ తాగించింది.

హైదరాబాద్‌లో చేయించిన పరీక్ష ఫలితాన్ని ఆమె రెండుసార్లు చదివింది. ఆ పలుకులు వేరులో పుట్టినవి కావు. మందుల షాపులో దొరికే నొప్పి గోలీ, డైక్లోఫెనాక్. దాన్ని రోజూ మింగితే కిడ్నీలు చెడతాయి. ఈమధ్య తల్లి పాదాలు ఎందుకు ఉబ్బుతున్నాయో అప్పుడు తట్టింది. వెంటనే బోధన్ బస్సెక్కింది.

"మామా, పొడిల గోలీలు కల్పుతున్నవా?"

ముత్తన్న దంచడం ఆపాడు. "ఉట్టి వేరైతే మెల్లగ పనిజేస్తది బిడ్డా. జనం ఆగరు. కొంచెమే కల్పిన."

"అవ్వకు గూడ గదేనా?"

"నొప్పికి అక్క ఏడుస్తుంటే సూడలేకపోయిన."

ఈరవ్వను ఆస్పత్రిలో చూపిస్తే కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయన్నారు. పొడి మానేస్తే కొంత కోలుకోవచ్చట, పూర్తిగా కాదట.

"నా తమ్మున్ని పోలీసులకు పట్టియ్యకు" అంది ఈరవ్వ మంచం మీదినుంచి.

"గా పొడి ఇంకెంతమంది తింటున్నరో అవ్వా."

"వాడు నా మంచికే ఇచ్చిండు."

శైలజ ఆ రాత్రి నిద్రపోలేదు. తెల్లారాక పరీక్ష కాగితాలు తీసుకుని డ్రగ్ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్లింది. ముత్తన్న కొట్టుకు తాళం పడింది, కేసయింది. పొడి కొన్నవాళ్లు రుద్రూర్ దాకా ఉన్నారు. శైలజ వాళ్ల ఇళ్లకు తిరిగి చెప్పింది. కొందరు రక్తపరీక్షకు వెళ్లారు. కొందరు ఇంత బాగా పనిచేసిన మందును ఎందుకు ఆపించావని తిట్టారు.

తర్వాత నిజాంసాగర్ కాలువ గట్టున తానే గలిజేరు వేళ్లు తవ్వి పని మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ఎలుకల పాదాల వాపు కొద్దికొద్దిగా, చాలా ఆలస్యంగా తగ్గింది. ఆ మాట ఇంట్లో చెప్పింది. ఈరవ్వ మోకాలు పట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది. తమ్ముడి మీద కేసయిన రోజే కూతురితో మాట్లాడటం మానేసింది.